దరువు ఒక్కడిది.. గొంతులు వందలు!
కింగ్‌స్టన్‌లో పుట్టిన బాణీలు.. టొరంటోలో ముగిసిన జీవితం: జాకీ మిట్టూ కథ

పోయిన ఉగాదికి మా టొరంటో తెలుగువాళ్ల కార్యక్రమంలో పాటల ట్రాకులు చూసుకునే పని నాకు అప్పగించారు. పెద్ద పనేం కాదు. పిల్లలు పంపిన కరోకే ట్రాకులు లాప్‌టాప్‌లో వరసగా పెట్టుకుని, పేరు పిలవగానే నొక్కడమే. స్కార్‌బరోలో ఒక కమ్యూనిటీ హాల్లో రిహార్సల్ జరుగుతుండగా చిన్న తగువు వచ్చింది. ముగ్గురు పిల్లలు ఒకే ట్రాకు తెచ్చుకున్నారు. ఒకమ్మాయి దానిమీద అసలు సినిమా పాట పాడుతుంది. ఒక పిల్లాడు వాళ్ల తాతయ్య రాసిన ఉగాది పాట పాడతాడు. మూడో పిల్ల అదే ట్రాకు మీద ఇంగ్లిష్‌లో ర్యాప్ కట్టుకొచ్చింది. ఒకే సాయంత్రం ఒకే సంగీతం మూడుసార్లు వస్తే బాగోదని, మీ పాట మార్చుకోండంటే మీ పాట మార్చుకోండని తల్లులు నా ముందే వాదించుకుంటున్నారు.

ఆ హాల్లో మైకులు, స్పీకర్లు చూసే జమైకా పెద్దాయన ఇదంతా వింటూ ముసిముసిగా నవ్వుతున్నాడు. సంగతేమిటని అడిగితే, తమ దేశంలో దీన్ని ఎవరూ తగువు అనుకోరని, పాటల పండగ అనుకుంటారని చెప్పాడు. తన ఫోన్ స్పీకర్లకు తగిలించి ఒక సంగీతం వినిపించాడు. పాట లేదు. డ్రమ్, బేస్ గిటార్, మధ్యమధ్య ట్రాంబోన్, వాటి కింద ఉడుకుతున్న అన్నంలా బుడబుడలాడే ఆర్గన్. ఆ తర్వాత అదే సంగీతం మీద వేర్వేరు గాయకులు పాడిన పాటలు ఒక్కొక్కటీ వేశాడు. ఎవరి పాట వాళ్లది, ఎవరి మాట వాళ్లది. కింద నడిచేది మాత్రం ఒకటే. ఈ ఆర్గన్ వాయించినాయన మన ఊళ్లోనే ఉండేవాడు, మన ఊళ్లోనే పోయాడు అని కూడా చెప్పాడు. ఆయన పేరు జాకీ మిట్టూ.

మిట్టూ అనగానే నాకు పంజరంలో రామచిలక గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ రాత్రి ఇంటికెళ్లి ఆయన గురించి చదవడం మొదలుపెట్టాక నవ్వు పోయింది. మా నాన్న గుర్తొచ్చాడు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

రిడిమ్ అంటే మన దరువే

జమైకాలో ఈ పాటలేని సంగీతాన్ని రిడిమ్ అంటారు. ఇంగ్లిష్‌లోని రిథమ్ అనే మాటే వాళ్ల నాలుక మీద అలా తిరిగింది. మన భాషలో దానికి దగ్గరి మాట దరువు. డప్పు కళాకారుడు ఒక దరువు అందుకుంటే దానిమీద ఒకడు పెళ్లి పాట పాడతాడు, ఇంకొకడు ఉద్యమ పాట పాడతాడు. బతుకమ్మ దగ్గర ఉయ్యాలో అంటూ ఒకే వరసలో పది కథలు నడుస్తాయి. మనకు ఇది కొత్త కాదు.

అయితే జమైకా వాళ్లు ఒక అడుగు ముందుకు వేశారు. మన దగ్గర దరువు ప్రతిసారీ మళ్లీ వాయిస్తారు. వాళ్లు ఒకసారి స్టూడియోలో వాయించిన టేపునే దాచుకుని, దానిమీద కొత్త గాయకులతో కొత్త పాటలు పాడించారు. వరస కూడా పాతది కానక్కర్లేదు. కింద బేస్, డ్రమ్ అవే ఉంటాయి, పైన రాగం, మాటలు గాయకుడివి. 1974లో రూపీ ఎడ్వర్డ్స్ అనే నిర్మాత ఒక అడుగు ఇంకా ముందుకేసి, ఒక్క రిడిమ్‌తో ఏకంగా ఒక ఆల్బమ్ నింపేశాడు. దాని పేరు యమహా స్కాంక్. ఈ రోజుకీ జమైకాలో ఒక కొత్త రిడిమ్ వస్తే దానిమీద పదిమంది, ఇరవైమంది పాడి విడుదల చేయడం మామూలే. రెగేను 2018లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది కదా, ఆ రెగే ఇంటికి పునాది రాళ్లు ఈ రిడిమ్‌లే. ఆ రాళ్లలో చాలావాటిని చెక్కిన చేతులు మిట్టూవి.

బామ్మ దగ్గర మొదలు

అసలు పేరు డోనట్ రాయ్ మిట్టూ. 1948 మార్చి 3న జమైకాలోని సెయింట్ ఆన్ ప్రాంతంలో బ్రౌన్స్ టౌన్ అనే ఊళ్లో పుట్టాడు. బాబ్ మార్లే, అంతకుముందు తరంలో మార్కస్ గార్వీ పుట్టింది కూడా ఆ సెయింట్ ఆన్‌లోనే. మిట్టూకి పియానో నేర్పింది వాళ్ల బామ్మ. ఇంకా బడికి వెళ్లే వయసు రాకముందే మెట్ల మీద వేళ్లు పెట్టించింది.

పదిహేనేళ్లు దాటీ దాటకముందే కింగ్‌స్టన్ బ్యాండ్లలో వాయించడం మొదలుపెట్టాడు. 1964లో స్కాటలైట్స్ అనే బృందం ఏర్పడింది. అప్పటికి జమైకాకు స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లు. దేశమంతా స్కా అనే గంతులేసే సంగీతం ఊపేస్తోంది. టామీ మెకూక్, రోలాండ్ ఆల్ఫాన్సో, డాన్ డ్రమండ్ లాంటి పండిపోయిన వాద్యకారుల మధ్య పియానో దగ్గర కూర్చున్న మిట్టూకి 16 ఏళ్లు. మన లెక్కలో ఇంటర్ చదివే కుర్రాడు. ఆ బృందం ఎంతోమంది గాయకుల వెనక వాయించింది. అప్పుడే గొంతు సవరించుకుంటున్న బాబ్ మార్లే, అతని వెయిలర్స్ మొదటి పెద్ద హిట్ సిమ్మర్ డౌన్‌కి వెనక ఉన్నది స్కాటలైట్స్ వాళ్లే. ఇంత చేసిన బృందం ఏడాదిన్నర కూడా నిలవలేదు. 1965లో విడిపోయింది.

13, బ్రెంట్‌ఫర్డ్ రోడ్

కింగ్‌స్టన్‌లో 13, బ్రెంట్‌ఫర్డ్ రోడ్ అనే చిరునామాలో స్టూడియో వన్ ఉండేది. దాని యజమాని క్లెమెంట్ కాక్సన్ డాడ్. ఆయన మొదట పెద్ద పెద్ద స్పీకర్లతో వీధుల్లో డాన్సులు పెట్టించే సౌండ్ సిస్టమ్ నడిపాడు. అంటే మన పెళ్లిళ్లకు మైక్‌సెట్ తెచ్చేవాళ్లలాంటి వ్యాపారమే, కాకపోతే అక్కడ మైక్‌సెట్టే అసలు కచేరీ. పక్క వీధివాడి దగ్గర లేని పాట తన దగ్గర ఉంటేనే జనం వస్తారు. అందుకే ఎప్పటికప్పుడు కొత్త పాటలు కావాలి. అందుకే సొంత స్టూడియో.

ఆ స్టూడియోలో సంగీతం చూసే బాధ్యత ఇంకా ఇరవై ఏళ్లు నిండని మిట్టూ చేతికి వచ్చింది. సోల్ బ్రదర్స్, సోల్ వెండర్స్, సౌండ్ డైమెన్షన్ అని కాలాన్ని బట్టి బృందం పేరు మారింది. ఆర్గన్ దగ్గర కూర్చున్నది మాత్రం అతనే. 1967లో సోల్ వెండర్స్ ఇంగ్లండ్ వెళ్లి కచేరీలు చేసి వచ్చింది. కొత్త గాయకుల గొంతు పరీక్షలు, పాటకు తగ్గ సంగీతం కట్టడం, వాద్యకారులకు ఎవరేం వాయించాలో చెప్పడం, తాను వాయించడం.. అన్నీ ఒక్కడే. మధ్యలో తన పేరు మీద పాటలు లేని ఆర్గన్ రికార్డులు కూడా చేసేవాడు. ఈవెనింగ్ టైమ్, కీప్ ఆన్ డాన్సింగ్ ఆ రోజుల ఆల్బమ్‌లే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1966 నుంచి 68 మధ్య జమైకా సంగీతం వేగం తగ్గింది. స్కా పోయి రాక్‌స్టెడీ వచ్చింది. స్కాలో బేస్ ఆగకుండా నడుస్తూనే ఉండేది. రాక్‌స్టెడీలో బేస్ ఒక చిన్న మాటలాంటి స్వరం అని, ఆగి, మళ్లీ అంటుంది. ఆ ఆగిన చోట ఖాళీ దొరికింది. గిటార్ ఒక దెబ్బ వేసి తప్పుకుంటే, ఆ సందుల్లో మిట్టూ ఆర్గన్ బుడబుడమంటూ నింపుతుంది కానీ గాయకుడికి అడ్డం రాదు. ఇంట్లో సామాను సర్ది, నడవడానికి దారి వదిలినట్టన్నమాట. ఆ దారి ఉండబట్టే తర్వాత వచ్చినవాళ్లు ఎవరికి వాళ్లు వచ్చి అందులో నిలబడి పాడుకోగలిగారు. ఆ రెండు మూడేళ్లలో స్టూడియో వన్‌లో తయారైన రిడిమ్‌లు ఇంతకాలం చెల్లుబాటు కావడానికి ఇదే కారణమని నాకు అనిపిస్తుంది.

వాటిలో రెండింటి పేర్లు గుర్తుపెట్టుకోండి. ఒకటి రియల్ రాక్. రెండోది ఫుల్ అప్. రెండూ సౌండ్ డైమెన్షన్ బృందం అరవైల చివర్లో వాయించినవే. హాల్లో ఆ పెద్దాయన నాకు వినిపించింది మొదటిది. అందులోని ట్రాంబోన్ విన్ గోర్డన్‌ది.

మంచుదేశంలో ఆర్గన్

ఇంత పేరున్న కుర్రాడు అరవైల చివర్లో మూటాముల్లె సర్దుకుని టొరంటో వచ్చేశాడు. అప్పటికి ఇరవై ఏళ్లు దాటాయంతే. ఎందుకొచ్చి ఉంటాడో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1967లో కెనడా పాయింట్ల పద్ధతి తెచ్చింది. ఏ దేశం, ఏ రంగు అని కాకుండా చదువు, పని, భాష చూసి వీసా ఇవ్వడం మొదలైంది. మన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లలో తొలితరం వాళ్లు వచ్చిన తలుపూ అదే, వేలమంది జమైకావాళ్లు వచ్చిన తలుపూ అదే. టొరంటోలో ఎగ్లింటన్ వెస్ట్ చుట్టుపక్కల క్షౌరశాలలు, రికార్డు షాపులు, తిండి దుకాణాలతో లిటిల్ జమైకా పుట్టింది.

వచ్చినవాడికి ఇక్కడ ఏం దొరికింది? కింగ్‌స్టన్‌లో అతను ఒక దేశపు సంగీతానికి దారి చూపినవాడు. టొరంటోలో హోటళ్ల లాంజ్‌లలో, క్లబ్బుల్లో ఆర్గన్ వాయించేవాడు. అక్కడ డాక్టరుగా పేరు తెచ్చుకుని ఇక్కడికొచ్చి మళ్లీ పరీక్షలు రాసుకునే మనవాళ్లు ఎంతమంది లేరు! అలాంటిదే ఇదీ.

అయినా ఊరుకోలేదు. 1971లో సమ్మస్ అనే కెనడా కంపెనీకి విష్‌బోన్ అనే ఆల్బమ్ చేశాడు. జమైకా ఆర్గన్‌కి ఇక్కడి వయొలిన్‌ల హంగు కలిసింది. ఆ ఏడాది జనవరి నుంచే ఏఎం రేడియోలు వేసే సంగీతంలో 30 శాతం కెనడాది ఉండాలన్న నిబంధన వచ్చింది. కెనడాలో ఉంటున్న కళాకారులకు కాస్త చోటు దొరికింది. రేడియో స్టేషన్ల కోసం స్థానిక సంగీతాన్ని రికార్డు చేయించే కెనడియన్ టాలెంట్ లైబ్రరీ అనే సంస్థ కూడా మిట్టూ చేత రెగే మ్యాజిక్ అనే ఆల్బమ్ చేయించింది. తన సొంత లేబుల్ ఒకటి పెట్టుకున్నాడు, పేరు స్టైన్-జాక్. రికార్డుల కొట్టు కూడా నడిపాడు. టొరంటోలో రెగే నేర్చుకుంటున్న కుర్రాళ్లకు, కొత్త బ్యాండ్లకు దగ్గరుండి సాయం చేశాడు. కెనడాలోని జూనో అవార్డుల్లో రెగేకి, కాలిప్సోకి కలిపి ఒక విభాగం పెట్టింది 1985లో. అంతదాకా ఇక్కడ ఈ సంగీతానికి నీళ్లు పోసి పెంచినవాళ్లలో అతనొకడు.

జమైకాతో తాడు మాత్రం తెంచుకోలేదు. టొరంటో నుంచి కింగ్‌స్టన్ వెళ్లి రికార్డింగులు చేసి వచ్చేవాడు. మనం రెండేళ్లకోసారి హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కితే ఆవకాయ జాడీలతో తిరిగొస్తాం. అతను టేపులతో తిరిగొచ్చేవాడు.

ఇందులో ఒక ముచ్చట ఉంది. స్టూడియో వన్‌లో బేస్ గిటార్ వాయించిన లెరాయ్ సిబుల్స్ డెబ్బైల తొలినాళ్లలో టొరంటోకే వచ్చాడు. గాయకుడు విల్లీ విలియమ్స్ కూడా ఇక్కడికే చేరాడు. కింగ్‌స్టన్ ఎండలో ఒకే గదిలో సంగీతం చేసినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఈ మంచులోకి వచ్చి పడ్డారు.

ఒక గిన్నె ప్రపంచం చుట్టింది

విల్లీ విలియమ్స్ ఏం చేశాడంటే, పదేళ్ల కిందటి రియల్ రాక్ రిడిమ్ తీసుకుని దానిమీద ఆర్మగిడియన్ టైమ్ అనే పాట పాడాడు. పస్తులుండే పేదల గురించి, న్యాయం దొరకని రోజుల గురించి పాట. 1979లో లండన్‌లో ద క్లాష్ అనే పంక్ బృందం దాన్ని తమ పద్ధతిలో పాడి, లండన్ కాలింగ్ రికార్డుకి రెండోవైపు పెట్టింది. జమైకా పేరు కూడా సరిగా తెలియని తెల్ల కుర్రాళ్లు మిట్టూ బృందం కట్టిన బేస్‌కి తలలూపారు. రియల్ రాక్ మీద వచ్చిన పాటలు ఇప్పటికి వందల్లో ఉన్నాయి.

రెండోది, ఫుల్ అప్ కథ ఇంకా విచిత్రం. దాని బేస్ సిబుల్స్‌ది. 1981లో మైటీ డైమండ్స్ అనే ముగ్గురి బృందం ఆ రిడిమ్‌ని మళ్లీ వాయింపించుకుని పాస్ ద కూచీ అనే పాట పాడింది. కూచీ అంటే గంజాయి చిలుము. గంజా అన్న మాట జమైకాకు వెళ్లింది మన దేశం నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్లిన కూలీలతోనే. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ బడిపిల్లలు ఐదుగురు, మ్యూజికల్ యూత్ అనే పేరుతో, అదే పాట పాడాలనుకున్నారు. చిన్నపిల్లల నోట గంజాయి చిలుము పాట బాగుండదు కదా. కూచీని డచీ చేశారు. డచీ అంటే జమైకా వంటింట్లో ఉండే మందపాటి ఇనప గిన్నె. చిలుము పోయి గిన్నె వచ్చింది. తిండి లేని ఇంట్లో గిన్నె చేతులు మారే పాట అయింది. 1982లో అది బ్రిటన్‌లో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది, లక్షల కొద్దీ అమ్ముడుపోయింది. ఇదంతా పాత సంగతి అనుకునే పిల్లలకు ఒక మాట. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన స్ట్రేంజర్ థింగ్స్ నాలుగో సీజన్‌లో మీరు విన్నది ఈ పాటే. మా అబ్బాయికి ఇది చెప్పినప్పుడే వాడు మొదటిసారి ఫోన్‌లోంచి తల ఎత్తాడు.

ఇంకొకటి కూడా చెబుతాను. స్టూడియో వన్‌లో పాత రిడిమ్‌ల టేపులు బీరువాల్లో పడి ఉంటే, డెబ్బైల చివర్లో షుగర్ మైనాట్ అనే కుర్ర గాయకుడు వాటిమీద కొత్త పాటలు కట్టుకుని పాడాడు. డాన్స్‌హాల్ అనే కొత్త సంగీతానికి అది ఒక మొదలు అయింది. బ్యాండ్‌ని పెట్టుకునే డబ్బులేని పేద కుర్రాడు కూడా గొంతుంటే చాలు, రికార్డు చేయగలిగాడు. పాత దరువు అందరి సొత్తు కావడం వల్లే అది సాధ్యమైంది. ఆ మేలు కాదనలేం.

ఎవరి సొత్తు? ఎవరి కష్టం?

మేలు ఒకవైపు. మరి దరువు కట్టినవాడి మాటేమిటి?

ఆ రోజుల్లో కింగ్‌స్టన్ స్టూడియోల్లో వాద్యకారులకు పనికి ఇంత అని కూలీ ఇచ్చేవారు. టేపు యజమానిది. ఆ టేపు మీద తర్వాత ఎంతమంది పాడినా, అది ఎన్ని దేశాల్లో అమ్ముడైనా, వాయించినవాడికి మళ్లీ రూపాయి రావాలన్న లెక్క లేదు. రికార్డు మీద గాయకుడి పేరు, నిర్మాత పేరు ఉండేవి. ఆర్గన్ ఎవరు, బేస్ ఎవరు అన్నది చాలా రికార్డుల మీద కనిపించదు. పాట అంటే మాటలు, రాగం అనేదే చట్టం చూపు. కింద నడిచే బేస్‌ని, ఆర్గన్‌ని అది సొత్తుగా చూడటం కష్టం. పైగా జమైకాలో అప్పటిదాకా నడిచింది 1911 నాటి బ్రిటిష్ కాపీరైట్ చట్టమే. సొంతంగా కొత్త చట్టం వచ్చింది 1993లో. అప్పటికి మిట్టూ చనిపోయి మూడేళ్లు.

పాస్ ద డచీ పాట రాసినవాళ్ల పేర్లలో మైటీ డైమండ్స్ గాయకులతో పాటు జాకీ మిట్టూ పేరు కూడా ఉంది. అది ఒక్కటి కంటపడ్డప్పుడు నాకు ఎంతో సంతోషం వేసింది. కానీ వందల పాటల్లో ఎన్నింటి మీద ఉంది? రిడిమ్ పేరు చెబితే జమైకాలో చిన్నపిల్లాడు కూడా ఊగుతాడు. వాయించినవాడి పేరు అడిగితే పెద్దవాళ్లు కూడా తడుముకుంటారు. మన దగ్గర మాత్రం? పాట ఏ హీరోదో చెబుతాం, పాడినవాళ్లెవరో చెబుతాం, సంగీత దర్శకుడెవరో చెబుతాం. ఆ పాటలో ఒళ్లు జలదరించే వేణువు ఎవరు ఊదారో మనలో ఎంతమందికి తెలుసు?

42 ఏళ్లకే

ఎనభైల్లో మిట్టూ న్యూయార్క్‌లోని వాకీస్ స్టూడియోలో కూడా పనిచేశాడు. అక్కడి నుంచి వచ్చిన ఆల్బమ్‌లలో వైల్డ్ జాకీ ఒకటి. 1989లో స్కాటలైట్స్ మళ్లీ కలిసి కచేరీలకు బయల్దేరితే తానూ చేరాడు. పదహారేళ్లప్పుడు కూర్చున్న కుర్చీ అది. ఎక్కువ రోజులు కూర్చోలేకపోయాడు. ఆరోగ్యం దెబ్బతింది. క్యాన్సర్. 1990 డిసెంబర్ 16న టొరంటోలో కన్నుమూశాడు. 42 ఏళ్లు. మన ఊళ్లో అయితే పిల్లల పెళ్లిళ్ల గురించి ఆలోచించడం కూడా మొదలుకాని వయసు.

పోయాక గుర్తింపు మెల్లగా వచ్చింది. పాత రికార్డులు ఏరి కొత్తగా విడుదల చేసే కంపెనీలు అతని సంగీతాన్ని మళ్లీ బయటికి తెచ్చాయి. 2006లో అమెరికాలోని లైట్ ఇన్ ద అటిక్ అనే కంపెనీ జమైకా టు టొరంటో అనే సంకలనంతో ఇక్కడి తొలితరం జమైకా కళాకారులందరినీ ఒక చోట చేర్చింది, విష్‌బోన్‌ని కూడా మళ్లీ అచ్చువేసింది. 2015లో ఓక్‌వుడ్, ఎగ్లింటన్ కూడలి దగ్గర ఒక సందుకు రెగే లేన్ అని నగరం పేరు పెట్టింది. అక్కడ గోడ మీద ఈ ఊరి రెగే కళాకారుల పెద్ద బొమ్మ గీశారు. ఏళ్ల తరబడి సాగిన రైలు లైను పనులతో ఆ వీధిలో దుకాణాలు చాలా దెబ్బతిన్నాయి. మీరు వెళ్తే బొమ్మ చూసి ఊరుకోకుండా అక్కడే ఏదైనా కొనుక్కుని తినండి.

మా నాన్న హార్మోనియం

ఇప్పుడు మొదట్లో ఆపిన మాట. మా నాన్న తెనాలి చుట్టుపక్కల పద్య నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. చేతులతో కాదు, కాళ్లతో తొక్కే లెగ్ హార్మోనియం. నాటకాలు చూసినవాళ్లకు తెలుసు, కాంట్రాక్టు నాటకాల్లో రాయబారం సీనుకు ఒక కృష్ణుడు, యుద్ధం సీనుకు ఇంకో కృష్ణుడు వస్తారు. ఒక్కొక్కరిది ఒక్కో శ్రుతి, ఒక్కో పోకడ. కృష్ణుళ్లు మారతారు, అర్జునుళ్లు మారతారు. రాత్రి పదింటి నుంచి తెల్లారేదాకా హార్మోనియం ముందు కూర్చున్నవాడు మాత్రం మారడు. పద్యం చివర ఆలాపనకు ఒన్స్ మోర్ కేకలు పడేవి, నోట్లు దండలు కట్టి వేసేవారు. అవి నటుడివి. నాన్నది మాట్లాడుకున్న కూలీ. ఆయన ఎప్పుడూ దాన్ని తప్పుపట్టలేదు. పాడేవాడికి ఊపిరి అందించడమే తన పని అనుకునేవాడు.

2009లో ఆయన పోయాక, ఆయన వాయించింది ఏదైనా దొరుకుతుందేమోనని ఊళ్లో వెతికాను. ఒక ఇంట్లో పాత క్యాసెట్ దొరికింది. కవరు మీద ఆరుగురు నటుల పేర్లు, నాటకం పేరు, ఊరు పేరు ఉన్నాయి. హార్మోనియం అన్న మాటే లేదు. క్యాసెట్ వేసి విన్నాను. రెండో పద్యానికి ముందు నటుడు శ్రుతి తప్పి అందుకుంటే, హార్మోనియం ఒక్క క్షణం ఆగి, అతనున్న చోటికే వెళ్లి, అతన్ని మెల్లగా సరైన చోటికి తీసుకొచ్చింది. అది నాన్నే. సంతకం అక్కర్లేదు. కానీ అది నాకు తెలుసు, మా అమ్మకు తెలుసు. మా అబ్బాయికి ఎవరు చెబుతారు?

మిట్టూ గురించి చదువుతున్నంతసేపూ ఇదే తిరిగింది మనసులో. ఇద్దరికీ పోలిక పెట్టడం లేదు. ఒకరు ప్రపంచాన్ని ఊపినవాడు, ఇంకొకరు నాలుగు మండలాలు దాటనివాడు. కూర్చున్న చోటు మాత్రం ఒకటే, గొంతు వెనకాల.

ఉగాది రోజు ముగ్గురు పిల్లలూ అదే ట్రాకు మీద పాడారు. ఎవరినీ మార్చుకోమనలేదు. ఒకదాని తర్వాత ఒకటి వరసగా పెట్టాం, జమైకాలో లాగే. మూడోసారికి హాల్లో ముసలివాళ్లు కూడా ఎక్కడ తబలా వస్తుందో ముందే తెలిసి చప్పట్లు కొట్టారు. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేశాం. ప్రతి పిల్లా తన పేరు, పాట పేరు చెప్పాక, ఆ పాటలో వాయించినవాళ్లలో ఒక్కరి పేరైనా కనుక్కుని చెప్పాలని ముందే అడిగాను. ఇరవైరెండు పాటల్లో తొమ్మిదింటికే దొరికాయి. దొరకని పిల్లలు దొరకలేదనే చెప్పారు. వచ్చే ఏడాదికి ఇంకా వెతుకుతామని ఇద్దరు ముగ్గురు అప్పుడే అన్నారు.

ఈ ఆదివారం వీలుంటే మీ పిల్లలతో కలిసి మొదట రియల్ రాక్ వినండి, తర్వాత ఆర్మగిడియన్ టైమ్ వినండి. పాటను వదిలేసి కింద బుడబుడలాడే ఆ ఆర్గన్‌నే పట్టుకోండి. వాయిస్తున్నది జాకీ మిట్టూ అని పిల్లలకు చెప్పండి. నేను మాత్రం ఆ క్యాసెట్ కవరు మీద, ఆరుగురు పేర్ల కింద, హార్మోనియం అని రాసి నాన్న పేరు పెట్టాను.